యోగాసనాల్ని నాట్యంలా కలపడం: ఇంట్లోనే అంచెలంచెలుగా

సూర్యనమస్కారాలు వచ్చినవాళ్లు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఇప్పుడు వీధికొకరు ఉన్నారు. 12 భంగిమలూ వరసగా వేస్తారు. కానీ ఒక భంగిమలోంచి ఇంకో భంగిమలోకి ఎలా వెళ్లాలో చాలామందికి ఎవరూ విడిగా చెప్పలేదు. చేతులు పైకెత్తి ఉన్నవాళ్లు ఒక్కసారిగా కిందికి వంగిపోతారు. కాలు వెనక్కి వేసేటప్పుడు దబ్బున శబ్దం వస్తుంది. యోగాన్ని నాట్యంలా చేయాలనుకుంటే నేర్చుకోవాల్సింది ఆ మధ్య భాగాన్నే. ఫోన్‌లో పాట పెట్టుకుని ఆసనాలు వేస్తే అది నాట్యం అయిపోదు. ఆసనానికీ ఆసనానికీ మధ్య దారిని ఊపిరితో, తాళంతో, చూపుతో నింపాలి. ఈ వ్యాసమంతా ఆ పని గురించే.

ఈ కలయిక నిన్నమొన్న పుట్టింది కాదు. చిదంబరం వెళ్లినవాళ్లు నటరాజస్వామి గుడి గోపుర ద్వారాల్లో చెక్కిన నాట్య కరణాల్ని, అంటే చేతులూ కాళ్లూ కలిపి పట్టే నాట్య భంగిమల్ని, చూసే ఉంటారు. వాటిలో కొన్నిటిని చూస్తే ఆసనమా, నాట్యమా అని తేల్చలేం. 1930ల్లో మైసూరు రాజుగారి ఆశ్రయంలో యోగశాల నడిపిన తిరుమలై కృష్ణమాచార్య (1888–1989) ఊపిరికి కదలికను జతచేసే విన్యాస పద్ధతిని నేర్పారు. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్న ఫ్లో యోగాకు చాలావరకు అదే మూలం. మనకైతే కూచిపూడి ఉంది, ఊరూరా కోలాటం ఉంది. కాబట్టి బయటి స్టెప్పుల్ని అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు.

ఎవరు చేయొచ్చు, ఎవరు ఆగాలి

నాట్యం రాకపోయినా చేయొచ్చు. యోగాలో తాడాసనం, వీరభద్రాసనం, బాలాసనం లాంటి నాలుగైదు ఆసనాలు తెలిసి ఉంటే చాలు. అవీ రాకపోతే ముందు ఒక నెల మామూలు యోగా చేసి రండి. గర్భిణులు, ఈమధ్యే కాన్పు లేదా ఆపరేషన్ అయినవాళ్లు, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు తల గుండెకన్నా కిందికి పోయే భంగిమల్ని వదిలేయాలి. వాళ్లు ముందుకు వంగాల్సిన చోట కుర్చీ వీపు పట్టుకుని నడుము దాకా వంగితే సరిపోతుంది. కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు గుండ్రంగా తిరిగే కదలికల జోలికి పోవద్దు.

చోటు, నేల, వేళ

దీన్ని చిన్న విషయం అనుకోకండి. మోకాళ్ల నొప్పులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

మన ప్రాంతంలో, ముఖ్యంగా చీమకుర్తి దగ్గరున్న ఒంగోలు వైపు, చాలా ఇళ్లలో గ్రానైట్ నేలే. చూడ్డానికి అద్దంలా ఉంటుంది, నడవడానికి హాయిగా ఉంటుంది. కానీ చెమట చుక్క పడిందంటే కాలు జారుతుంది. పైగా అది ఏమాత్రం మెత్తన లేని నేల. దానిమీద కాలు తాటిస్తే ఆ దెబ్బంతా మడమకూ మోకాలికీ చేరుతుంది. అందుకని యోగా మ్యాట్ వేస్తాం. అక్కడ ఇంకో చిక్కు ఉంది. మ్యాట్ పాదాన్ని గట్టిగా పట్టేస్తుంది. నిలబడిన ఆసనాలకు అది మంచిదే గానీ, పాదం తిప్పాల్సి వచ్చినప్పుడు పాదం మ్యాట్‌కు అతుక్కుని ఒళ్లు మాత్రం తిరుగుతుంది. మధ్యలో మోకాలు మెలిపడుతుంది. నేను పాటించే పద్ధతి ఇది: నిలబడి వంగేవి, కూర్చునేవి, పడుకునేవి మ్యాట్ మీద, తిరిగేవి మ్యాట్ పక్కన పొడి నేల మీద. మ్యాట్ మీదే తిరగాల్సి వస్తే ముందు మడమ ఎత్తి, పాదాన్ని తిప్పి, దించాక బరువు వేయాలి. దుప్పటి, జంపఖానా మాత్రం వద్దు. అవి జారతాయి.

అన్నిటికన్నా మంచి చోటు మిద్దె. తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడు లోపల సిమెంటు చల్లగా ఉంటుంది, గాలి ఆడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో ఏడు దాటితే మిద్దె మీద నిలబడలేం. సాయంత్రం చేసేవాళ్లు సముద్రపు గాలి తిరిగాక, మిద్దె వేడి తగ్గాక ఎక్కండి. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు వెళ్లినప్పుడు చేయాలనిపిస్తే అల వచ్చి తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద చేయండి. పొడి ఇసుకలో పాదం కూరుకుపోయి పిక్కలు పట్టేస్తాయి. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి కాసేపటికి ఒకసారి అటు తిరిగి, ఇటు తిరిగి నిలబడాలి. లేకపోతే ఒక కాలే ఎప్పుడూ పల్లంలో ఉంటుంది.

పొట్ట ఖాళీగా ఉండాలి. భోజనం చేశాక మూడు గంటలైనా ఆగాలి. మన ఉక్కపోతలో చెమట బాగా పోతుంది గనక అయిపోయాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగండి. బీపీకి ఉప్పు తగ్గించమన్నవాళ్లు ఉప్పు లేకుండా తాగాలి. బట్టల విషయానికొస్తే మోకాలు కనిపించేలా ఉంటే మంచిది, లేదా పైజామా కాస్త పైకి మడవండి. మోకాలు ఎటు తిరిగి ఉందో మీకు కనపడాలి.

మొదటి అంచె: ఊపిరిని తాళంలో పెట్టడం

కూర్చుని మొదలుపెట్టండి. కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్న పిల్లల్ని అడిగినా ఆది తాళం వేసి చూపిస్తారు. ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం. మొత్తం 8 అక్షరాలు, అది ఒక ఆవర్తం. మొదటి 4 అక్షరాల్లో ఊపిరి తీసుకోవాలి, మిగతా 4 అక్షరాల్లో వదలాలి. అంటే ఒక ఆవర్తానికి ఒక ఊపిరి.

సెకనుకు ఒక అక్షరం చొప్పున వేస్తే నిమిషానికి ఏడెనిమిది ఊపిర్లు వస్తాయి. కొత్తవాళ్లకు ఇది కష్టంగా ఉండొచ్చు. ఆయాసం అనిపిస్తే ‘తకిట, తకిట’ అని మూడు తీసుకోవడం, మూడు వదలడం చేయండి. కొన్నాళ్లకు నాలుగు దానంతటదే అందుతుంది. ఊపిరి బిగబట్టి లెక్క సరిపెట్టుకోవడం మాత్రం వద్దు. ఒళ్లు పైకి లేచేటప్పుడు, విచ్చుకునేటప్పుడు ఊపిరి లోపలికి. కిందికి దిగేటప్పుడు, వంగేటప్పుడు, మెలిక తిరిగేటప్పుడు బయటికి. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే ఏ వరసనైనా మీరే కట్టుకోవచ్చు.

నిలబడి కదిలేటప్పుడు చేత్తో తాళం వేయలేం కదా. మనసులో ‘తకధిమి తకఝణు’ అనుకోండి. లేదా ఫోన్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకోండి. మొదటి రెండు వారాలు పాట పెట్టకండి. పాట ఉంటే చెవి దాని వెంట పోతుంది, ఊపిరి గతి తప్పుతుంది.

రెండో అంచె: పాదాలు, బరువు మార్చడం

పాదాల మధ్య నడుము వెడల్పు ఉంచి నిలబడండి. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, ఈ మూడూ నేలకు ఆనాలి. ఊపిరి వదులుతూ బరువంతా కుడి పాదం మీదికి తేవాలి. ఎడమ మడమ లేస్తుంది, వేళ్లు మాత్రం నేల వదలవు. ఊపిరి తీసుకుంటూ మధ్యలోకి. మళ్లీ వదులుతూ ఎడమకు. పొలంలో ఎదిగిన వరిపైరు గాలికి ఊగేటట్టు మొదలు కదలకుండా పైభాగం ఊగాలి.

కోలాటం ఆడేవాళ్లకు ఇది చప్పున వస్తుంది, ఎందుకంటే వాళ్ల అడుగంతా బరువు మార్చడమే. కాకపోతే వేగం అలవాటైపోయి ఉంటుంది. మా దగ్గరికి వచ్చే కోలాటం బృందంలో ఒక పెద్దావిడ ఉంది. శ్రీరామనవమికి రాత్రి పొద్దుపోయేదాకా అలుపులేకుండా ఆడుతుంది. ఆమెను నాలుగు అక్షరాల కాలం ఒక్క కాలి మీద బరువు ఉంచమంటే, “ఏంది పాపా, ఆడేటప్పుడు లేంది ఇప్పుడు కాళ్లు వణకతా ఉండాయి” అంది. వణకడం మామూలే. వేగంగా ఆడేటప్పుడు ఊపు మోస్తుంది, నెమ్మదిగా చేసేటప్పుడు కండరం మోయాలి. “కానీ పెద్దమ్మా, గోడ పట్టుకునే చెయ్యి” అన్నాను. గోడకు ఒక వేలు ఆనించినా చాలు, వణుకు సగం తగ్గుతుంది. రెండు మూడు వారాలయ్యాక ఆ వేలు కూడా తీసేయొచ్చు.

తర్వాత అరమండి. మడమలు దగ్గరగా, పాదాలు పక్కలకు తిరిగి, మోకాళ్లు వంచి సగం కూర్చోవడం. కూచిపూడికి పునాది ఇదే. పాదాల్ని బలవంతంగా పూర్తి పక్కలకు తిప్పకండి. పిరుదు కీలు ఎంత తిరిగితే పాదాలు అంతే తిరగాలి. మోకాలు రెండో కాలివేలి వైపు చూస్తుండాలి. కిందికి చూసినప్పుడు మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలుతూ ఉంటే పాదాల్ని కాస్త ముందుకు తిప్పుకోండి. లోతు తగ్గినా పర్వాలేదు. చిన్నప్పటి నుంచి అభ్యాసం చేసినవాళ్ల లోతును చూసి నలభై ఏళ్ల తర్వాత మొదలుపెట్టినవాళ్లు పోటీ పడకూడదు.

మూడో అంచె: వెన్ను, చేతులు, చూపు

అరమండిలోనే అరచేతులు తొడల మీద ఆనించండి. ఊపిరి తీసుకుంటూ ఛాతీ ముందుకు, వదులుతూ వీపు గుండ్రంగా వెనక్కి. ఇది నిలబడి చేసే మార్జాలాసనం. కదలిక ఒక్కసారిగా వీపంతా రాకూడదు. నడుము కింది పూస దగ్గర మొదలై, ఒక్కో వెన్నుపూసా కదిలి, చివర తల కదలాలి. తల ముందే లేచిపోతోందంటే మెడ ఒక్కటే పనిచేస్తోందని అర్థం. పది సార్లు చేయండి, రోజూ.

చేతులకూ ఇదే వరస. ముందు భుజం వెనక ఎముక, తర్వాత మోచెయ్యి, మణికట్టు, ఆఖర్న వేళ్లు. చెయ్యి పక్కకు లేపేటప్పుడు మోచెయ్యి ముందు లేవాలి, మణికట్టు దాని వెంట వేలాడుతూ రావాలి, అంతా పైకి వచ్చాక వేళ్లు విచ్చుకోవాలి. మొత్తం చెయ్యి కర్రలా లేస్తే అది డ్రిల్ అవుతుంది. ఒక్క చేత్తోనే, అద్దం ముందు, నాలుగు అక్షరాలు లేపడానికి, నాలుగు దించడానికి చేసి చూడండి. మెడ దగ్గర భుజం చెవి వైపు లేస్తుంటే చెయ్యి ఎత్తు తగ్గించండి. భుజం పట్టేసి ఉన్నవాళ్లు భుజం ఎత్తు దాకా లేపితే చాలు. నాట్యం మొదలుపెట్టే భంగిమ అయిన నాట్యారంభంలో చేతులు ఉండేది ఆ ఎత్తులోనే, అందులోనే బోలెడంత అందం ఉంది.

ఇక చూపు. ‘యతో హస్తస్తతో దృష్టిః’ అని అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథం చెబుతుంది. చెయ్యి ఎక్కడో చూపు అక్కడ, చూపు ఎక్కడో మనసు అక్కడ. యోగాలో కూడా ప్రతి ఆసనానికీ దృష్టి నిలిపే చోటు ఒకటి చెబుతారు. ఈ రెండూ కలిసే చోటు ఇదే. కదిలేటప్పుడు చూపు చేతి వెంట వెళ్లాలి, ఆసనంలో ఆగినప్పుడు ఒకచోట నిలవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేతులు, కాళ్లు బాగానే చేసి కళ్లు మాత్రం నేలకు దించేస్తారు. కళ్లు ఎత్తిన రోజు వాళ్ల కదలిక మొత్తం మారిపోవడం నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను. ఒక జాగ్రత్త ఏమిటంటే, చూపు తిప్పమంటే తలంతా విసరకూడదు. ముందు కళ్లు, తర్వాత తల.

నాలుగో అంచె: వరస కట్టడం

ఇప్పుడు అసలు పని. కింది వరస ఒక వైపుకు 8 ఆవర్తాలు. ప్రతి ఆవర్తంలో మొదటి 4 అక్షరాలు ఊపిరి తీసుకోవడానికి, తర్వాతి 4 వదలడానికి. ముందు తాడాసనంలో నిలబడండి.

ఒకటి: తీసుకుంటూ రెండు చేతులూ పక్కల నుంచి పైకి. వదులుతూ కుడివైపు వాలడం.

రెండు: తీసుకుంటూ మధ్యలోకి, వదులుతూ ఎడమవైపు.

మూడు: తీసుకుంటూ మధ్యలోకి. వదులుతూ కుడికాలు పక్కకు దూరంగా, మూడు మూడున్నర అడుగులు వేసి, రెండు మోకాళ్లూ వంచి అరమండిలాగా దిగాలి. చేతులు ఛాతీ ఎత్తుకు వస్తాయి. కాలు వేసేటప్పుడు బరువు ఇంకా ఎడమకాలి మీదే ఉండాలి. కుడి పాదం నేలను తాకాకే బరువు పంచాలి. శబ్దం వచ్చిందంటే బరువు ముందే పడిపోయిందన్నమాట.

నాలుగు: తీసుకుంటూ మోకాళ్లు కాస్త లేపి చేతులు పక్కలకు చాచండి. వదులుతూ కుడి పాదం పూర్తిగా కుడివైపు తిప్పి, ఎడమ పాదం కాస్త లోపలికి తిప్పి, కుడి మోకాలు వంచి రెండో వీరభద్రాసనంలోకి. చూపు కుడి చేతి వేళ్ల మీద.

ఐదు: ఈ వరసలో నాకు బాగా ఇష్టమైనది ఇది. తీసుకుంటూ కుడి అరచెయ్యి ఆకాశం వైపు తిప్పి, మోకాలు వంచే ఉంచి, చేతిని పైకి, వెనక్కి తీసుకెళ్లాలి. ఎడమ చెయ్యి ఎడమ తొడ మీద వాలుతుంది. చూపు కుడి చేతి వెంట పైకి వెళ్తుంది. ఇది విపరీత వీరభద్రాసనం. వదులుతూ అదే చెయ్యి వచ్చిన దారినే తిరిగివచ్చి, కుడి మోచెయ్యి కుడి తొడ మీద ఆనుతుంది. ఎడమ చెయ్యి చెవి పక్కగా ముందుకు సాగి పార్శ్వకోణాసనం అవుతుంది. ఈ రెండిటి మధ్య ఎక్కడా ఆగకూడదు. ఐదో అక్షరం పడేసరికి కొత్తవాళ్లు ఒక్క క్షణం బిగుసుకుపోతారు. వెనక్కి వెళ్లడం పూర్తవుతుండగానే ఊపిరి వదలడం మొదలుపెడితే ఆ బిగువు తగ్గుతుంది.

ఆరు: తీసుకుంటూ ఎడమ చేత్తో పెద్ద సున్నా గీస్తూ లేవండి. వదులుతూ పాదాలు రెండూ సమాంతరంగా తిప్పి, మోకాళ్లు కాస్త వదులుగా ఉంచి ముందుకు వంగండి.

ఏడు: తీసుకుంటూ వెన్నుపూసలు ఒక్కొక్కటిగా లేస్తూ నిలబడాలి, తల ఆఖర్న. నాలుగు అక్షరాలు చాలకపోతే ఇంకో ఆవర్తం వాడుకోండి, తొందరపడితే కళ్లు తిరుగుతాయి. నడుము నొప్పి ఉన్నవాళ్లు అరచేతులు తొడల మీద ఆనించి లేవాలి. వదులుతూ కుడికాలు దగ్గరికి.

ఎనిమిది: ఏమీ చేయకుండా ఒక ఆవర్తం నిలబడండి. దీన్ని ఎగ్గొట్టొద్దు. ఊపిరి గతి తప్పిందో లేదో తెలిసేది ఇక్కడే.

తర్వాత ఎడమవైపు. రెండు వైపులా కలిపితే 16 ఆవర్తాలు, రెండు నిమిషాల పైచిలుకు. మొదటి వారం రోజుకు రెండు రౌండ్లు, నెల తిరిగేసరికి ఆరు రౌండ్లు చేయొచ్చు. అంతకన్నా పెంచాలని తొందరపడకండి. రౌండ్లు పెంచడంకన్నా ఉన్న రౌండ్లలోనే శబ్దం తగ్గించడం మీద దృష్టి పెడితే మేలు.

ఐదో అంచె: నిలకడ, ఆపై నేల మీదికి

వరస అయ్యాక వృక్షాసనం. పాదాన్ని మోకాలి పైనైనా కిందనైనా ఆనించండి, మోకాలి మీద మాత్రం వద్దు. రెండు ఆవర్తాలు నిలబడగలిగితే అక్కణ్నుంచి కాలు దించకుండానే వెనక్కి తీసుకెళ్లి, చేత్తో చీలమండ పట్టుకుని నటరాజాసనంలోకి వెళ్లొచ్చు. ఇది గోడ పక్కనే నేర్చుకోవాలి. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడేవాళ్లను చూసి పిల్లలు ఇంట్లో పళ్లేలు తీస్తుంటారు. అది గురువు ఎదుట ఏళ్లపాటు సాధన చేసినవాళ్ల విద్య. ఇంట్లో చేయనివ్వకండి.

ఆపై నెమ్మదిగా మోకాళ్ల మీదికి దిగి, మార్జాలాసనం, బాలాసనం, వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ ఒక వైపు వాల్చే మెలిక, చివర శవాసనం. శవాసనానికి ఐదు నిమిషాలైనా ఇవ్వండి. మన వాతావరణంలో చెమట ఆరకుండా ఫ్యాన్ కింద పడుకుంటే మెడ పట్టేయొచ్చు, ముందు తుడుచుకుని పడుకోండి.

పాట ఎప్పుడు, ఎలాంటిది

తాళం ఊపిరిలో కుదిరాక పాట పెట్టుకోవచ్చు. మాటలు లేని వీణ, వేణువు మొదట్లో మేలు. మాటలుంటే మనసు అర్థం వెంట పోతుంది. నెమ్మదిగా సాగే ఆది తాళపు కీర్తన అయితే మీ ఆవర్తం దానికి సరిపోతుంది. రూపక తాళంలో ఉన్నదైతే మూడేసి అక్షరాల ఊపిరి వాడాలి. సినిమా పాటల్లో వేగం మధ్యమధ్య మారిపోతుంటుంది కాబట్టి వాటిని అలవాటయ్యాకే పెట్టుకోండి.

గుంపుగా చేయాలంటే

అపార్ట్‌మెంట్ మిద్దె మీద, గుడి మండపంలో, స్కూలు గ్రౌండులో పదిమంది కలిస్తే కోలాటంలా గుండ్రంగా నిలబడండి. వరసలుగా నిలబడితే వెనకవాళ్లు ముందువాళ్ల వీపుల్ని చూస్తుంటారు, చూపు నేర్చుకోవడం కుదరదు. గుండ్రంగా ఉంటే ఎదుటివాళ్ల చేతులూ కళ్లూ కనిపిస్తాయి. మనిషికీ మనిషికీ మధ్య రెండు చేతులు చాచినంత చోటు కావాలి. పెద్దవాళ్లకు వెనక కుర్చీలు వేయండి. చేతుల వరసంతా వాళ్లు కూర్చునే చేయగలరు. తాళం ఒక్కరే వేయాలి, చప్పట్లతో కన్నా కోలాటం కర్రలతో వేస్తే దూరానికి వినిపిస్తుంది. వేసేవాళ్లు గుంపులో అందరికన్నా నెమ్మదిగా ఊపిరి తీసుకునేవాళ్లను కాదు, అందరికన్నా త్వరగా ఆయాసపడేవాళ్లను చూస్తూ వేగం పెట్టాలి. ఎవరికైనా ఊపిరి అందకపోతే ఆ ఆవర్తం వదిలేసి నిలబడి, మళ్లీ మొదటి దెబ్బ పడ్డప్పుడు కలవాలి.